పాత పోర్షే 911లో వదులైపోయిన గేర్ లింకేజీని సరిచేసుకోవడం ఎలా?

1972 నుంచి 1986 మోడల్ దాకా వచ్చిన పోర్షే 911లలో 915 అనే గేర్‌బాక్స్ ఉంటుంది. అమెరికాలో ఉంటూ ఇలాంటి పాత 911 కొనుక్కున్న మన తెలుగువాళ్లు నన్ను అడిగే మొదటి ప్రశ్న దాదాపు ఎప్పుడూ ఒకటే: "గేర్ ఎక్కడ పడిందో చేతికి తెలియడం లేదు, గేర్‌బాక్స్ పోయిందా?" చాలాసార్లు గేర్‌బాక్స్ బాగానే ఉంటుంది. చేతికీ గేర్‌బాక్స్‌కీ మధ్య ఉన్న నాలుగైదు ప్లాస్టిక్ బుష్‌లు (కదిలే భాగాల మధ్య ఉండే చిన్న తొడుగులు) అరిగి ఉంటాయి. వాటి ఖర్చు కొన్ని పదుల డాలర్లు. గేర్‌బాక్స్ విప్పించి రీబిల్డ్ చేయిస్తే వేలల్లో అవుతుంది. అందుకే లింకేజీ, అంటే లివర్ కదలికను గేర్‌బాక్స్‌కు చేర్చే ఈ భాగాలన్నీ, పూర్తిగా సరిచేసి, సరిగా అడ్జస్ట్ చేసి చూడకుండా ఎవరు చెప్పినా గేర్‌బాక్స్ దించవద్దు.

మన ఊళ్లలో పాత అంబాసడర్ నడిపినవాళ్లకు ఈ సంగతి కొత్తేమీ కాదు. స్టీరింగ్ పక్కన ఉండే గేరు వదులై, రెండో గేరు కోసం వెతుక్కోవాల్సి వస్తే, మెకానిక్ ముందు కింద బుష్‌లే చూసేవాడు. 911లో కూడా వెతకాల్సింది అక్కడే. కాకపోతే ఆ బుష్‌లు కంటికి కనిపించని చోట ఉంటాయి.

ఎక్కడ ఏముంది

911లో ఇంజిన్ వెనక ఉంటుంది, దాని ముందు గేర్‌బాక్స్. మీ చేతిలోని లివర్ కదలిక అక్కడిదాకా వెళ్లాలంటే కారు మధ్యలో ఉన్న టన్నెల్ గుండా ఒక పొడవాటి షిఫ్ట్ రాడ్ పోవాలి. లివర్ కింది కొసన ఒక ఇనుప గుండు ఉంటుంది. అది రాడ్ ముందు కొసన ఉన్న ప్లాస్టిక్ కప్పులో కూర్చుంటుంది. రాడ్ అటూ ఇటూ ఊగకుండా టన్నెల్ లోపల ఒక బ్రాకెట్, దానిలో ఒక గైడ్ బుష్. రాడ్ వెనక కొసన కప్లర్ ఉంటుంది. ఇది రాడ్‌నీ, గేర్‌బాక్స్ ముక్కు నుంచి బయటికి వచ్చే సెలెక్టర్ షాఫ్ట్‌నీ కలుపుతుంది. కప్లర్ రెండు ముక్కలుగా ఉండి, మధ్యలో ఒక పిన్నుతో, ఆ పిన్నుకు రెండు పక్కలా ప్లాస్టిక్ బుష్‌లతో కీలులా కదులుతుంది.

లివర్‌ను ముందుకూ వెనక్కీ తోస్తే రాడ్ తన పొడవు వెంట జరుగుతుంది. పక్కలకు తోస్తే రాడ్ తన చుట్టూ తాను తిరుగుతుంది. ఈ రెండు కదలికల తేడా గుర్తుపెట్టుకోండి, అడ్జస్ట్‌మెంట్ అంతా దీని మీదే ఆధారపడి ఉంటుంది.

1971 దాకా వచ్చిన కార్లలో 901 గేర్‌బాక్స్ ఉంటుంది. అందులో ఒకటో గేరు ఎడమవైపు వెనక్కి పడుతుంది. లింకేజీ తీరు దాదాపు ఇదే కాబట్టి పని కూడా ఇలాగే చేసుకోవచ్చు, అడ్జస్ట్‌మెంట్‌లో మాత్రం గేర్ల స్థానాలు మారతాయి. 1987 నుంచి వచ్చిన జి50 గేర్‌బాక్స్ సంగతి వేరు, దానికి ఇది వర్తించదు.

ముందు జబ్బు ఎక్కడుందో తేల్చుకోండి

బుష్‌లు ఆర్డర్ చేసే ముందు ఒక పూట దీనికి కేటాయించండి. మూడు రకాల బాధలు ఒకేలా అనిపిస్తాయి, కానీ వాటి కారణాలు వేరు.

మొదటిది క్లచ్. ఇంజిన్ ఐడ్లింగ్‌లో ఉండగా క్లచ్ పూర్తిగా తొక్కి, కొన్ని సెకన్లు ఆగి, రివర్స్ వేయండి. రివర్స్‌కు సింక్రో (గేరు కరకరలాడకుండా పడేలా వేగాలను కలిపే భాగం) ఉండదు కాబట్టి ఇది మంచి పరీక్ష. అంతసేపు ఆగినా గర్‌ర్ మంటే క్లచ్ పూర్తిగా విడిపోవడం లేదని అర్థం. ఈ కార్లలో క్లచ్ కేబుల్‌తో పనిచేస్తుంది. కేబుల్ సాగినా, అడ్జస్ట్‌మెంట్ తప్పినా లింకేజీకి ఎంత మంచి బుష్‌లు వేసినా ఉపయోగం లేదు. దాన్ని ముందు సరిచేయండి.

రెండోది సింక్రో. అన్ని గేర్లూ బాగానే పడి, ఒక్క రెండో గేరో, ఒకటో గేరో మాత్రమే ప్రతిసారీ కరకరలాడితే, లివర్‌లో లూజు కూడా పెద్దగా లేకపోతే, లోపల సింక్రో రింగు అరిగిందని అనుమానించాలి.

మూడోదే మన విషయం. గేరులో ఉన్నప్పుడు కూడా లివర్ అటూ ఇటూ బాగా ఊగుతుంది. మూడో గేరు కోసం తోస్తే ఒకటి దగ్గర తగులుతుంది. ఐదు, రివర్స్ వైపు దారి దొరకదు. లేదా గేరు పడినట్టే పడి, యాక్సిలరేటర్ వదలగానే న్యూట్రల్‌కి వచ్చేస్తుంది. ఈ చివరి లక్షణానికి లోపలి గేరు పళ్లు అరగడం కూడా కారణం కావచ్చు. కానీ అడ్జస్ట్‌మెంట్ తప్పి గేరు సగమే పడటం కూడా అంతే తరచుగా కనిపిస్తుంది.

యాక్సిలరేటర్ తొక్కినప్పుడూ వదిలినప్పుడూ లివర్ దానంతట అది ముందుకూ వెనక్కీ జరుగుతోందా? అలాగైతే ఇంజిన్, గేర్‌బాక్స్ మౌంట్ రబ్బర్లు చూడండి. అవి మెత్తబడితే గేర్‌బాక్స్ మొత్తం కదులుతుంది, దానితో పాటు లివరూ కదులుతుంది.

ఇక లూజు సరిగ్గా ఏ కీలులో ఉందో చూడాలి. టన్నెల్ వెనక కొసన, వెనక సీట్ల మధ్య కార్పెట్ కింద ఒక చిన్న మూత ఉంటుంది. దాని స్క్రూలు తీస్తే కప్లర్ కనిపిస్తుంది. ఇంజిన్ ఆఫ్‌లో ఉంచి, ఎవరినైనా డ్రైవర్ సీట్లో కూర్చోబెట్టి, లివర్‌ను గేరు పడకుండా కొంచెం కొంచెం ఊపమనండి. మీరు టార్చ్‌లైట్ వేసుకుని కప్లర్ వైపే చూస్తూ ఉండండి. కప్లర్ ముందు సగం తిరుగుతూ వెనక సగం కదలకపోతే కప్లర్ బుష్‌లు పోయాయి. చాలా కార్లలో అక్కడ పగిలిన ప్లాస్టిక్ ముక్కలు కూడా దొరుకుతాయి. లివర్ కదులుతున్నా రాడ్ అసలు కదలకపోతే ముందు వైపు కప్పు పోయింది. రాడ్ తిరగడానికి బదులు పైకి కిందికి ఎగిరితే గైడ్ బుష్ పోయింది. సాధారణంగా మూడూ కొంత కొంత పోయి ఉంటాయి. అందుకే మూడూ ఒకేసారి మార్చమంటాను. ఒక్కటే మారిస్తే లూజు మిగతా వాటిలో అలాగే ఉంటుంది, మళ్లీ అదంతా విప్పాలి.

ఏం కొనాలి

గైడ్ బుష్, లివర్ కప్పు, కప్లర్ బుష్‌ల జత, కప్లర్ పిన్ను, కోన్ స్క్రూ (కప్లర్‌ను సెలెక్టర్ షాఫ్ట్‌కు పట్టి ఉంచే స్క్రూ), లివర్ తోలు బూటు (తొడుగు) చిరిగి ఉంటే అదీ. కప్లర్ దగ్గర గేర్‌బాక్స్ వైపు రబ్బరు బూటు ఒకటి ఉంటుంది. అది చిరిగితే వాన నీళ్లు, దుమ్ము, చప్పుడు మూడూ లోపలికి వస్తాయి. దాన్ని కూడా ఇప్పుడే మార్చేయండి.

బుష్‌లలో మామూలు ప్లాస్టిక్‌వీ, డెల్రిన్ అనే గట్టి ప్లాస్టిక్‌వీ, కంచువీ దొరుకుతాయి. కప్లర్ మొత్తాన్నీ బేరింగులున్న మెటల్ కప్లర్‌తో మార్చేవాళ్లూ ఉన్నారు. వీవో లాంటి కంపెనీలవి బాగా పేరున్నవి. రోజువారీ నడిపే కారుకు నా సలహా మామూలు బుష్‌లే. ప్లాస్టిక్ కొంత వరకు గేర్‌బాక్స్ అదురును, గుయ్‌మనే శబ్దాన్ని మింగేస్తుంది. మెటల్ కప్లర్ వేస్తే చేతికి గేరు స్పష్టంగా తెలుస్తుంది, కానీ ఆ శబ్దం కూడా లోపలికి వస్తుంది. ట్రాక్ మీద నడిపే కారైతే అది పెద్ద విషయం కాదు.

షార్ట్ షిఫ్ట్ కిట్ గురించి మాత్రం గట్టిగా చెప్పాలి. అది లివర్ తిరిగే దూరాన్ని తగ్గిస్తుంది, కాబట్టి అదే గేరు వేయడానికి ఎక్కువ బలం కావాలి. 915 సింక్రోలు తొందరను సహించవు. గేరును వాటి మీదికి గట్టిగా తోస్తే అవి త్వరగా అరుగుతాయి. అరిగిన లింకేజీకి షార్ట్ షిఫ్ట్ కిట్ మందు కాదు, దాని వల్ల కొత్త జబ్బు వస్తుంది.

విప్పే ముందు జాగ్రత్తలు

చదునైన నేల మీద కారు ఆపి, చక్రాలకు ముందూ వెనకా రాళ్లో, చెక్కలో అడ్డు పెట్టండి. లింకేజీ విప్పాక గేరు మీద కారును ఆపలేరు. బ్యాటరీ వైరు తీసేయండి, అది ముందు డిక్కీలో ఉంటుంది. టన్నెల్ లోపల షిఫ్ట్ రాడ్ ఒక్కటే లేదు. క్లచ్ కేబుల్, హ్యాండ్ బ్రేక్ కేబుల్స్, హీటర్ కేబుల్స్, వీటన్నిటి కంటే ముఖ్యంగా పెట్రోల్ పైపులు కూడా దాని గుండానే పోతాయి. నలభై ఏళ్ల నాటి పైపు పెళుసుగా ఉంటుంది. లోపలికి స్క్రూడ్రైవర్ పెట్టి దేన్నీ ఎగదన్నవద్దు. పెట్రోల్ వాసన వస్తే పని ఆపి, ముందు ఆ పైపుల సంగతి చూడండి. అది గేరు కంటే ముఖ్యం.

కప్లర్ విప్పడం

ముందుగా గుర్తులు పెట్టండి. ఇది వదిలేస్తే తర్వాత గంటలు పోతాయి. రాడ్ మీద, కప్లర్‌ను రాడ్‌కు బిగించే క్లాంప్ అంచు ఎక్కడుందో తెల్ల పెయింటుతోనో, సన్నటి సూదితో గీసో గుర్తు పెట్టండి. క్లాంప్ ఎంత తిరిగి ఉందో తెలిసేలా రాడ్ పొడవు వెంట ఒక గీత కూడా కప్లర్ మీదుగా రాడ్ మీదికి గీయండి. ఒకటి లోతుకు గుర్తు, రెండోది తిరుగుడుకు గుర్తు. నాలుగు వైపుల నుంచీ ఫోన్‌తో ఫోటోలు తీసుకోండి.

తర్వాత కోన్ స్క్రూ. కప్లర్ వెనక సగంలో ఉంటుంది, దాని మొన కోసుగా ఉండి సెలెక్టర్ షాఫ్ట్‌లోని గుంటలో కూర్చుంటుంది. దానికి సన్నటి తీగ కట్టి ఉంటే ముందు ఆ తీగ కత్తిరించి తీసేయండి. ఈ స్క్రూ వదులైన కారులో లివర్ ఎంత ఊపినా గేరు పడదు, ఉన్నట్టుండి రోడ్డు మధ్యలో ఆగిపోతుంది. అందుకే తీసినప్పుడు మొనను పరీక్షగా చూడండి. మొన చదునై ఉంటే కొత్తది వేయాలి. షాఫ్ట్‌లోని గుంట అంచులు అరిగి గుండ్రంగా అయ్యాయేమో కూడా టార్చ్ వేసి చూడండి.

కోన్ స్క్రూ పూర్తిగా తీసి, క్లాంప్ బోల్టు వదులు చేస్తే కప్లర్ బయటికి వస్తుంది. గట్టిగా పట్టి ఉంటే క్లాంప్ చీలికలో స్క్రూడ్రైవర్ మొన కొంచెం పెట్టి వెడల్పు చేయొచ్చు. సుత్తి వాడకండి, ఆ దెబ్బ సెలెక్టర్ షాఫ్ట్ గుండా గేర్‌బాక్స్ లోపలికి పోతుంది.

కప్లర్‌ను బెంచి వైస్‌లో పెట్టి పాత పిన్నునూ, బుష్‌లనూ బయటికి నొక్కాలి. ఒక పక్క పిన్ను దూరిపోయేంత పెద్ద సాకెట్, ఇంకో పక్క పిన్ను కంటే సన్నటి సాకెట్ పెడితే వైస్ ప్రెస్సులా పనిచేస్తుంది. కొత్త బుష్‌లు వేసేటప్పుడే ఎక్కువమంది ఇబ్బంది పడతారు. బుష్ వంకరగా మొదలైతే అంచు చీలిపోతుంది, ఆ చీలిక చిన్నదే అయినా కొన్ని నెలల్లో మొత్తం పగులుతుంది. కప్లర్ రంధ్రాలను పాత ప్లాస్టిక్, తుప్పు లేకుండా గుడ్డతో తుడవండి. బుష్‌లను కాసేపు వేడి నీళ్లలో వేస్తే కొంచెం మెత్తబడతాయి. లోపల పల్చగా గ్రీజు రాసి, బుష్ మొదటి రెండు మిల్లీమీటర్లు చేత్తోనే తిన్నగా కూర్చునేలా చేసి, ఆ తర్వాతే వైస్ మెల్లగా తిప్పండి. ప్రతి అర తిప్పుకూ ఆగి, అన్ని వైపులా సమానంగా దిగుతోందో లేదో చూడండి. పిన్ను కూడా అలాగే నొక్కండి. పూర్తయ్యాక కప్లర్ రెండు సగాలూ చేత్తో వంచితే కొంచెం బిగువుగా, ఎక్కడా ఆగకుండా కదలాలి. లూజు ఏమాత్రం ఉండకూడదు.

లివర్, కప్పు, గైడ్ బుష్

ఈ భాగం త్వరగా అయిపోతుంది. లివర్ నాబ్, బూటు, టన్నెల్ కార్పెట్ తీసి, లివర్ ప్లేటు బోల్టులు విప్పి లివర్‌ను పైకి ఎత్తండి. గుండు కప్పు నుంచి ఊడి వస్తుంది. లివర్ లోని స్ప్రింగు, కీలు పిన్ను పాత గ్రీజుతో గట్టిపడి ఉంటాయి, వాటిని కిరోసిన్‌తో కడిగి కొత్త గ్రీజు పెట్టండి. గుండు మీద గీతలు పడి ఉంటే సన్నటి ఎమరీ కాగితంతో నున్నగా చేయండి. గరుకు గుండు కొత్త కప్పును త్వరగా తినేస్తుంది.

లివర్ తీసిన కంత గుండా చెయ్యి పెడితే బ్రాకెట్ తగులుతుంది. కప్లర్ అప్పటికే విప్పారు కాబట్టి రాడ్‌ను జరిపి బ్రాకెట్ నుంచి తప్పించి, పాత గైడ్ బుష్ ఊడదీయొచ్చు. ముక్కలైపోయి ఉంటే ముక్కలన్నీ ఏరండి, టన్నెల్‌లో వదిలేస్తే ఏదో ఒక కేబుల్‌లో ఇరుక్కుంటాయి. రాడ్ బుష్‌లో కూర్చునే చోట తుప్పు ఉంటే రుద్ది నున్నగా చేసి, కొత్త బుష్‌కు లిథియం గ్రీజు రాసి బ్రాకెట్‌లో నొక్కి పెట్టండి. తర్వాత రాడ్‌ను వెనక్కి యథాస్థానంలోకి తెచ్చి, కొత్త కప్పు వేసి, లివర్‌ను కూర్చోబెట్టండి. గుండు కప్పులోకి దిగినప్పుడు క్లిక్‌మన్నట్టు చేతికి తెలుస్తుంది.

వెనక కప్లర్ పెట్టేటప్పుడు ముందు కోన్ స్క్రూ మొన గుంటలో దిగిందో లేదో చూసుకుని దాన్ని బిగించండి. గుంటలో పడకుండా బిగిస్తే స్క్రూ గట్టిగానే అనిపిస్తుంది, కానీ నిలవదు. బిగించాల్సిన బలం మీ సంవత్సరపు వర్క్‌షాప్ మాన్యువల్ చూసి టార్క్ రెంచ్‌తో ఇవ్వండి. క్లాంప్‌ను పాత గుర్తుల దగ్గర పెట్టి, కదలకుండా ఉండేంత మాత్రం బిగించండి.

అడ్జస్ట్‌మెంట్

అసలు పని ఇక్కడే ఉంది. కొత్త బుష్‌లు వేసి అడ్జస్ట్‌మెంట్ చేయకుండా వదిలేసిన కారు, పాత బుష్‌లున్న కారు కంటే కొన్నిసార్లు ఘోరంగా ఉంటుంది. పాత లూజు తప్పు అడ్జస్ట్‌మెంట్‌ను దాచిపెడుతుంది, లూజు పోయాక ఆ తప్పు బయటపడుతుంది.

ఇంజిన్ ఆఫ్‌లో ఉంచి, క్లచ్ తొక్కి ఒక్కొక్క గేరూ వేయండి. పడకపోతే బలవంతం చేయకుండా కారును చేత్తో కొంచెం ముందుకూ వెనక్కీ జరిపి మళ్లీ వేయండి. గేరు పూర్తిగా పడిన తర్వాత లివర్‌ను అదే దిశలో ఇంకొంచెం తోసి చూడండి. కొద్దిగా ఖాళీ ఉండాలి. ఖాళీ ఏమీ లేకపోతే, గేరు పూర్తిగా కూర్చోకముందే లివర్ తన ప్లేటుకు తగిలి ఆగిపోతోందని అర్థం. గేరు జారిపోవడానికి ఇదే కారణం.

ముందుకు పడే ఒకటి, మూడు, ఐదు గేర్లలో ఖాళీ లేక, వెనక్కి పడే రెండు, నాలుగులో ఎక్కువ ఉంటే, లివర్‌కు ముందుకు వెళ్లే దూరం తక్కువైంది. గేర్‌బాక్స్‌ను న్యూట్రల్‌లో ఉంచి, క్లాంప్ వదులు చేసి, లివర్‌ను రెండు మూడు మిల్లీమీటర్లు వెనక్కి జరిపి బిగించండి. దీనికి తలకిందులుగా ఉంటే ముందుకు జరపండి. రెండు వైపులా ఖాళీ సమానంగా వచ్చేదాకా ఇలాగే.

పక్కల సంగతి ఇలా చూసుకోవాలి. నాలుగో గేరు వేసి, అక్కడి నుంచి తిన్నగా న్యూట్రల్‌కి తీసుకురండి. ఇప్పుడు సెలెక్టర్ షాఫ్ట్ మూడు-నాలుగు దారిలో ఉంటుంది. ఐదు, రివర్స్ వైపు దారి అందకపోతే, కప్లర్ తిరగకుండా పట్టుకుని క్లాంప్ వదులు చేసి, లివర్‌ను కొంచెం ఎడమకు వంచి బిగించండి, అప్పుడు కుడివైపు దూరం పెరుగుతుంది. ఒకటి, రెండు అందకపోతే కుడికి వంచాలి. ఈ జరపడం చాలా తక్కువ ఉండాలి, గీత వెడల్పు అంత చాలు. ప్రతిసారీ ఒక్క దిశలోనే మార్చండి. లోతు, తిరుగుడు రెండూ ఒకేసారి మారిస్తే దేనివల్ల ఏమైందో తెలియదు.

అన్నీ కుదిరాక క్లాంప్‌ను పూర్తి టార్క్‌కు బిగించి, మళ్లీ అన్ని గేర్లూ వేసి చూడండి. బిగించేటప్పుడు క్లాంప్ తిరిగే అవకాశం ఉంది. కొత్త స్థానానికి ఇంకో రంగుతో గుర్తు పెట్టుకుంటే రేపు ఇంజిన్ దించినప్పుడు పనికొస్తుంది.

రోడ్డు మీద

మూత పెట్టకుండా, పానాలు వెంట ఉంచుకుని, ఖాళీ రోడ్డు మీద నిదానంగా ఒక చుట్టు తిరగండి. ప్రతి గేరులోనూ యాక్సిలరేటర్ తొక్కి ఒక్కసారిగా వదలండి, జారకూడదు. ఆగి ఉన్నప్పుడు రివర్స్ వేసి చూడండి. గేర్ ఆయిల్ వేడెక్కిన తర్వాత కూడా ఇదే పరీక్ష చేయాలి, చల్లగా ఉన్నప్పటి అనుభూతి వేరుగా ఉంటుంది. ఆయిల్ ఎప్పుడు మార్చారో తెలియని కారైతే ఇదే సందర్భంలో మార్చేయండి. మూడు లీటర్ల చిల్లర పడుతుంది. అమెరికాలో 915 వాడేవాళ్లు ఎక్కువగా చెప్పేది స్వెప్కో 201 అనే గేర్ ఆయిల్.

కొన్ని వందల మైళ్లు నడిపాక మూత మళ్లీ తీసి కోన్ స్క్రూ, క్లాంప్ బోల్టు టార్క్ ఒకసారి చూడండి. కొత్త బుష్‌లు సర్దుకున్నాక గేరు ఖాళీ కొంచెం మారితే, అప్పుడే చిన్నగా సవరించుకోండి.

ఇంత చేసినా గేర్‌బాక్స్ వేడిగా ఉన్నప్పుడు రెండో గేరు కరకరలాడుతుంటే, క్లచ్ కూడా సరిగానే ఉంటే, ఇక గేర్‌బాక్స్ దించాల్సిందే. అప్పుడు మెకానిక్‌కు లింకేజీ కొత్తదనీ, ఏయే బుష్‌లు మార్చారో, అడ్జస్ట్‌మెంట్ ఎలా చేశారో చెప్పండి. అతను వెతకాల్సిన చోట్లు తగ్గుతాయి. గేర్‌బాక్స్ కింద ఉన్నప్పుడు ముక్కు దగ్గర సెలెక్టర్ షాఫ్ట్ ఆయిల్ సీల్ కూడా మార్పించండి. తర్వాత అది కారడం మొదలైతే, అక్కడికి చేరడానికి కప్లర్ మళ్లీ విప్పాలి.